వాన లేని ఊళ్ళో తుప్పు

పొద్దున్నే బోరింగు దగ్గర రెండు బిందెలు పట్టుకొచ్చి పొయ్యి రాజేశాక నాగలక్ష్మమ్మ చేసే మూడో పని సైకిలు సీటు దించడం. నల్లమాడ చుట్టూ ఐదు పల్లెలకు ఆమె నర్సమ్మ. సైకిలు ఆమె జీతంతో కొన్నదే గానీ సాయంత్రమైతే భర్త శ్రీరంగప్పది. ఆయన పొడగరి. సీటు జానెడు పైకి లేపుకుని రచ్చకట్ట దాకా పోయొస్తాడు. మళ్ళీ దించిపెట్టాలన్న ఆలోచన ఎనిమిదేళ్ళలో ఒక్కనాడూ ఆ బుర్రలోకి రాలేదు. తిన్న కంచం ఎత్తని మనిషి సీటేం దించుతాడులే అనుకుని ఆమే రోజూ స్పానరు అందుకునేది.

ఆ సోమవారం బోల్టు వదులైంది గానీ సీటు దిగలేదు. తిప్పింది, ఊపింది, రోకలితో రెండు దెబ్బలు వేసింది. ఊహూ. ఎక్కి చూస్తే కాళ్ళు పెడళ్ళకు అందడం లేదు.

"పాత బండి కదా, తుప్పు పట్టిండాది," అన్నాడు శ్రీరంగప్ప, అరుగు మీద నుంచి లేవకుండానే.

నడిస్తే కాళ్ళేం అరిగిపోవులే అంది అత్త ఆంజినమ్మ. మందుల పెట్టె మోయలేక, దాన్ని సైకిలు వెనక కట్టి తోసుకుంటూ బయలుదేరింది నాగలక్ష్మమ్మ. ఇప్పటికే రెండుసార్లు టీకాలకు ఆలస్యమైందని డాక్టరు కసిరాడు. ఇంకోసారైతే పైకి రాస్తానన్నాడు. రాస్తే ఉద్యోగం పోతుంది. పోతే పోనీ, పీడా వదుల్తాదని శ్రీరంగప్ప ఆమె ముందే అన్నాడు.

తుప్పు! రెండేళ్ళుగా చినుకు రాలలేదు. తడిగుడ్డ తీగ మీద వేసి వెనక్కి తిరిగేలోగా ఆరిపోయే ఊళ్ళో ఇనుముకు తుప్పెక్కడిది? ఆ మాట పట్టుకుని నడుస్తుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పోయిన నెల ఆయన చక్రాలు తడిమి చూసి, నువ్వు పోయిన పల్లెలో నల్లరేగడి కదా, ఈ ఎర్రమన్ను యాడిదని అడిగాడు. నిన్న ఆదివారం, ఎన్నడూ లేనిది, తనే సైకిలు మాబాషా అంగడికి తీసుకుపోయి గాలి పట్టించుకొచ్చాడు. పెళ్ళయిన ఇన్నాళ్ళకు తన బండి గురించి పట్టించుకున్నాడే అని ఆమె మురిసిపోయి బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసిపెట్టింది. మంచిదని రెండోసారి వడ్డించుకుని తిన్నాడు కూడా!

టీకాలు ఆ రోజు ఎట్లాగో గట్టెక్కాయి. మర్నాడు ఆమె పల్లెలకు పోయే ముందే మాబాషా అంగడికి తోసుకుపోయింది. మాబాషా సీటు కింద కిరసనాయిలు పోసి, రెండు చేతులతో పట్టి మెలితిప్పి, ఆయాసపడుతూ పైపు పైకి లాగాడు. పైపు తళతళా మెరుస్తోంది. మాబాషా ఆమె ముఖం వైపు చూడలేదు.

"కొత్తది నర్సమ్మా. మీ ఆయనే ఏయించినాడు. లావు పైపు కావల్ల, మళ్ళా కదలగూడదన్నాడు. నీకెరికే అనుకున్నా."

ఆమెకు ఏడుపు రాలేదు. ఉగ్గాని గుర్తొచ్చి సిగ్గేసింది, ఆ వెనకే ఒళ్ళంతా మండిపోయింది. తనను ఇంట్లో కూర్చోబెట్టడానికి ఇంత తెలివి ఖర్చుపెట్టిన మనిషి, ఆ తెలివి చేను మీద పెట్టి ఉంటే ఏమైనా పండేదేమో.

మాబాషా గరుకు కాగితం తీశాడు. రెండు చుట్లు రుద్ది కాస్త గ్రీజు పూస్తే సులువుగా జారుతాదన్నాడు.

"రుద్దొద్దన్నా," అంది ఆమె. "నా కాలు నేలకానేంత కిందికి కొట్టు. ఇట్లే బిగువుగా ఉండనీ."

"మళ్ళా ఎవురు లేపినా రాదమ్మా."

"రావద్దనే."

మాబాషా చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టాడు. చివరి రెండు దెబ్బలు ఆమె సుత్తి అడిగి తీసుకుని తనే వేసింది. ఆ రోజు పల్లెకు డాక్టరు కంటే ముందు చేరింది.

సాయంత్రం శ్రీరంగప్ప సైకిలెక్కాడు. మోకాళ్ళు హ్యాండిలుకు కొట్టుకున్నాయి. దిగి బోల్టు వదులు చేశాడు, లాగాడు, చెమటలు పట్టేదాకా మెలితిప్పాడు. అంగడికే తీసుకుపోదామంటే అక్కడేం చెప్పాలో తోచక వాకిట్లో నిలబడిపోయాడు.

"ఏమైనాది దీనికి?" అన్నాడు ఆఖరికి.

నాగలక్ష్మమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"తుప్పు పట్టిండాది," అంది.