వాసన చెప్పే మనిషి

ఓట్స్ వేగాయో లేదో ముక్కే చెప్పాలని పెద్దకోడలు అనేది. పచ్చి వాసన పోయి, బిస్కెట్ల వాసన మొదలై, అది ముదరకముందే మూకుడు దించెయ్యాలి. ఓవెన్ లేని ఇంటి వెనకగదిలో, ఒక్క పొయ్యి మీద, తోడికోడళ్ళిద్దరూ ఓట్స్, బాదం, తేనె కలిపి వేపే గ్రనోలా చేసి ఈతకొలను దగ్గరి క్యాంటీనుకు ఇస్తున్నారు. వేపడం పెద్దామె పని. చల్లార్చి సీసాలకెత్తడం చిన్నామె పని. ఇంట్లో మగవాళ్ళు పెద్దామెను “ముక్కుగారూ” అని ఆటపట్టించేవారు. పైకి విసుక్కునేది గానీ, ఆ పిలుపు వినబడని రోజు ఆమెకేదో వెలితిగా ఉండేది.

వానల్లో పెద్దామెను పట్టుకున్న జ్వరం తగ్గింది. దాంతోపాటు పోయిన వాసన పట్టే శక్తి మాత్రం తిరిగి రాలేదు. సబ్బు, కాఫీ, భర్త చొక్కా, అన్నీ అద్దం వెనక్కి వెళ్ళిపోయినట్టయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే “అయ్యో పాపం” అంటారు, మెల్లగా గరిటె చేతిలోంచి తీసుకుంటారు. ఆ తర్వాత ఈ ఇంట్లో తనెవరు? అందుకే రంగు చూసి, గరిటె కింద ఓట్స్ గలగల విని నెట్టుకొస్తోంది.

ఆ ఉదయం చిన్నామె బజారు నుంచి ఇంకా రాలేదు. పెద్దామె ఓట్స్, బాదం పలుకులు వేపి, నూనె, తేనె పోసి కలిపింది. తేనె పడ్డాక రంగును నమ్మడానికి లేదు, అంతా ఒక్కసారిగా ఎర్రబడుతుంది. గలగల కూడా ఆగిపోతుంది. చిటికెడు నోట్లో వేసుకుంది. మెత్తగా తగిలింది. పొయ్యి మీద ఉన్నంతసేపూ అది మెత్తగానే ఉంటుందని, కరకరలాడేది చల్లారాకేనని చిన్నామెకు నేర్పింది తనే. అయినా ముక్కు మోసం చేసినప్పటి నుంచి తనకు తెలిసిన సంగతుల మీదే ఆమెకు నమ్మకం పోయింది. ఇంకాస్త వేగనీ, అనుకుంది. మళ్ళీ అలాగే అనుకుంది.

“అక్కా! పొయ్యి ఆపు!”

చిన్నామె చెప్పులతోనే లోపలికొచ్చి పొయ్యి కట్టేసింది. కిటికీ తలుపులు బార్లా తెరిచింది.

“సందు మొదట్లోకే కొడుతోంది మాడు వాసన. పక్కింటాయన ‘ఏంటమ్మా, ఇల్లు తగలెడుతున్నారా’ అంటున్నాడు. నువ్వేమో పక్కనే నిలబడి...” మాట మధ్యలో ఆగిపోయింది.

పెద్దామె గరిటె వదల్లేదు. “ఏదో పరాకులే. నువ్వేదో ఏనాడూ మాడ్చనట్టు!”

“నేను బోలెడుసార్లు మాడ్చాను. నువ్వెప్పుడూ మాడ్చలేదు.”

ఆ గొంతులో వేళాకోళం లేదు. అందుకే పెద్దామెకు భయం వేసింది.

“మొన్న పాలు కంపు కొడుతుంటే కాఫీ కలుపుకుని తాగేశావు,” అంది చిన్నామె.

“చూస్తూ ఊరుకున్నావా?”

“నువ్వే చెబుతావనుకున్నా. అడిగితే నా మీద పడి కరుస్తావుగా. జ్వరం వచ్చినప్పటి నుంచేనా?”

“అవును.”

చెప్పేశాక గుండె తేలికవుతుందని ఇన్నాళ్ళూ ఊహించుకుంది. కాలేదు. గదిలో ఏదో పెద్ద సామాను తీసేసినట్టు, ఎటు చూసినా ఖాళీ.

“ఇదిగో,” అని గరిటె చాచింది.

“నాకెందుకు? ఆ సెగ దగ్గర నేను నిలబడలేను బాబోయ్. నువ్వే వేపు. నేను పక్కనుండి చెబుతా.”

“నువ్వు చెబితే నేను దించాలా?”

“ఏం, నా మాట వింటే అరిగిపోతావా?”

ఇద్దరూ మాడిన ముద్దను గోకి పారేసి, మూకుడు తోమి, కొత్తగా ఓట్స్ పోశారు. సన్నని మంట. వాసన ఎలా ఉందని ఇప్పుడు అడగాల్సింది పెద్దామె. ఎప్పుడూ ఈ ప్రశ్న వేసింది ఎదుటివాళ్ళే.

“ఎలా ఉంది?” అంది చివరికి, మూకుట్లోకే చూస్తూ.

చిన్నామె వంగి గాలి పీల్చింది. “తడిసిన అట్టపెట్టెలా.”

తేనె పోశాక మళ్ళీ అడిగింది.

“ఇప్పుడు... ఎండలో ఆరేసిన దుప్పటి ఉంటుంది చూడు, అలా.”

పెద్దామె ఆ దుప్పటిని తలుచుకుంది. వాసన రాలేదు. మడత పెట్టేటప్పుడు దాని వెచ్చదనం మాత్రం చేతులకు గుర్తొచ్చింది.

“దించెయ్ అక్కా.”

చిటికెడు నోట్లో వేసుకుంటే ఆమెకింకా మెత్తగానే తగిలింది. మూకుడు దించింది.