గాజు మీద ఎక్కిన పేర్లు

నా గాజును మూసేసింది మీరే. సేవాదళం సభ్యులారా, కాయితం అతికించిన ప్రతి చేతినీ నేను గుర్తుపడతాను.

నేను ఒక ఫ్రీజర్ పెట్టెను. చీరాల నేతపేటలో ఎవరు పోయినా, దూరాన ఉన్న అయినవాళ్ళు వచ్చేదాకా నాలో పడుకోబెడతారు. నన్ను తెచ్చింది మగ్గం నేసే కోటిలింగం. అప్పుడు దళమంటే అతనూ, ఇంకో ముగ్గురూ. మోయడానికి సరిపోయారు. మూతకు గాజు అతనే పట్టుబట్టి పెట్టించాడు. "మొహం కనపడాలయ్యా. ఏడ్చేవాళ్ళకి మిగిలేది అదేగా" అనేవాడు.

తర్వాత దళం పెరిగింది. బంగారం కొట్టు కలిసింది, కాలేజీ కలిసింది, టైల్స్ కంపెనీ కలిసింది. కలిసినవాళ్ళంతా నా మీద తమ పేరు వేయమన్నారు. పక్కలు నిండాక పేర్ల కాయితాలు గాజు మీదికి ఎక్కాయి. కొత్త సభ్యులు చేరితే నా చుట్టూ ఫొటో. మోసే వేళకు మాత్రం చేతులు ఉండవు. లోపలివాళ్ళు మీ పేర్లను తిరగబడ్డ అక్షరాల్లో చూస్తూ పడుకునేవాళ్ళు. కళ్ళు మూసి ఉన్నా చూస్తారు. నాకు తెలుసు.

ఈ ఉదయం కోటిలింగాన్నే, అతని ఇంట్లో, నాలో పెట్టారు.

భార్య నాంచారమ్మ మూత మీదికి వంగింది. "మా ఆయన ఏడీ?"

"లోపలే ఉన్నాడు పిన్నీ" అన్నాడు అధ్యక్షుడు చలపతి.

"నాకు టైల్స్ కంపెనీ కనపడతంది అబ్బాయ్. మూత తియ్యి."

"చల్లదనం పోద్ది. రేపు మీ అమ్మాయి రాగానే తీస్తాంగా."

"రేపు మీరంతా మూగుతారు. నాకెక్కడ దక్కుతాడు? ఆ కాయితమన్నా పీకు."

"చందా ఇచ్చినోళ్ళు నొచ్చుకుంటారు పిన్నీ. సాయంత్రం కొత్త సభ్యుల ఫొటో ఉంది."

"శవం పక్కనా?"

"బాబాయ్ పెట్టిన దళమేగా."

ఆమె కాయితం అంచున గోరు పెట్టి గీకసాగింది. అంతలో కరెంటు పోయింది. నా మోటారు ఆగింది. గీకుడు ఒక్కటే వినపడుతోంది. నాంచారమ్మ చెయ్యి ఆపింది.

గీకుడు ఆగలేదు.

సరిగ్గా ఆమె గోటి కింద, లోపలి నుంచి. చచ్చిన మనిషి వేలు కదపడు. ఇంతమందిని దాచుకున్నదాన్ని, నాకా మాత్రం తెలియదా? అయినా ఆ చప్పుడు నాలోనే ఉంది.

మీరంతా గుమ్మం బయటికి జరిగారు. ఆమె మాత్రం, తలుపు కొడుతున్న మనిషికి చెప్పినట్టు, "వస్తన్నా, ఉండు" అంది. మళ్ళీ గోరు పెట్టింది. ఇప్పుడు ఆ గోరు చిట్లి రక్తం కారుతోంది. రూపాయి బిళ్ళంత గాజు కూడా బయటపడలేదు.

గుమ్మం దగ్గర ఎందుకు నిలబడ్డారు? రేపో మాపో నాలోకి రావలసినవాళ్ళే కదా అందరూ. కెమెరా పక్కన పెట్టండి. బ్లేడు తెండి. అంగుళం మిగలకుండా గీకండి. చీకటి పడకముందే ఆయన మొహం ఆమెకు ఇవ్వండి.