రెండు పలకలు

మేజోళ్ళ మీద నంబరు కుట్టడం ఎంత విసుగు పనో కుట్టినవాళ్ళకే తెలుస్తుంది. మేజోడు సాగుతుంది, నంబరు రాసిన గుడ్డపట్టీ సాగదు. బిగించి కుడితే కాలు దూరదు, వదులుగా కుడితే మొదటి ఉతుకుకే ఊడొస్తుంది. నా కూతురు గ్లైడర్ నడపడం నేర్చుకునే పన్నెండు రోజుల శిక్షణకి ఎంపికైంది. ఇంజను లేకుండా గాలి మీద తేలే విమానం అది. బడిలో సైనిక శిక్షణ పొందే వాళ్ళ దళంలో నలభై మంది క్యాడెట్లుంటే ఇద్దరినే తీసుకున్నారు. వెంట తెచ్చుకోవలసినవంటూ పంపిన జాబితాలో ముప్ఫై ఒక్క వస్తువులున్నాయి. ప్రతి బట్ట మీదా దానికిచ్చిన పదిహేడో నంబరు కుట్టి ఉండాలట. ఆదివారం పొద్దున్న నేను నాలుగో జత మేజోళ్ళలో ఉండగా మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "అన్నీ కుట్టేశాక వెళ్ళడం లేదంటే మరీ బాధపడుతుందేమో. ముందే చెప్పెయ్యరాదూ?" అన్నారు.

"ఏమని చెప్పను?"

"కుదరదని. నువ్వు చెబితే వింటుంది."

మా ఆయన చెడ్డ మనిషి కాదు. పందొమ్మిదేళ్ళుగా ఈ మాట అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెబుతున్నాను. గొంతు పెంచరు, కంచం విసరరు. ఇంట్లో ఎవరికైనా "కాదు" అని చెప్పాల్సి వస్తే మాత్రం నన్ను ముందుకి నెట్టి ఆయన వెనక్కి జరుగుతారు. ఆడపడుచు కుటుంబంతో సహా వచ్చి నెల రోజులుంటానంటే వద్దనాల్సింది నేను. పక్కింటివాళ్ళ కుక్క గురించి పోట్లాడాల్సింది నేను. అలా ఊరందరి కళ్ళలో ఆయన దయామయుడూ, నేను గయ్యాళినీ అయ్యాం. ఇప్పుడు కూతురి దగ్గర కూడా ఆ పేరు నాకే రాసిపెట్టి ఉంది.

కుదరకపోవడానికి కారణం మా అత్తయ్యగారి తుంటి ఎముక. రెండు నెలల కిందట ఆపరేషన్ అయింది. సాయంత్రం నాలుగున్నరకి మా అమ్మాయి బడి నుంచి వచ్చి, ఆవిడకి టీ ఇచ్చి, వాకర్ పట్టించి వరండాలో నాలుగుసార్లు నడిపించి, మందులు వేయిస్తుంది. నేను వచ్చేసరికి ఏడు దాటుతుంది. నాది పార్సెల్ ఆఫీసులో తూకం కౌంటరు. పద్నాలుగేళ్ళుగా అదే కౌంటరు. డబ్బా చేత్తో ఎత్తితే చాలు, ఎన్ని కేజీలో చెప్పగలను, కాటా నా తరవాతే. పోయినేడు సెక్షన్ ఇన్‌చార్జి కుర్చీ ఖాళీ అయితే నేను పని నేర్పిన అతన్ని కూర్చోబెట్టారు. "మీకు ఇంటి బాధ్యతలుంటాయి కదండీ" అన్నాడు మేనేజరు, నాకేదో ఉపకారం చేస్తున్నట్టు. ఇప్పుడు మళ్ళీ ఖాళీ వస్తోంది, రెండు వారాలు సాయంత్రం షిఫ్టు చేసి చూపించమన్నాడు. సరిగ్గా అమ్మాయి శిక్షణ రోజులే అవి. మా ఆయన అయిదింటికే ఇంటికొస్తారు. వచ్చి, బట్టలు మార్చుకుని, షటిల్ ఆడటానికి వెళ్తారు. ఆ షటిల్ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు, అది పొద్దూ మాపూ లాగా దాని మానాన అది జరిగిపోతుంది.

"ఏమని చెప్పాలో తోచకపోతే ఒక పని చెయ్యి. దానికెలాగూ బరువు తక్కువ. బరువు చాలదని వాళ్ళ ఆఫీసు నుంచి ఫోనొచ్చిందని చెప్పు. మన మీదికి రాదు, దానికీ కష్టంగా ఉండదు" అన్నారు మా ఆయన. చాలా సౌమ్యంగానే అన్నారు.

బరువు చాలదన్న మాట నాకు కొత్త కాదు. పదహారేళ్ళప్పుడు నేనూ క్యాడెట్‌నే, నేనూ ఇదే శిక్షణకి ఎంపికయ్యాను. సంతకం పెట్టిన ఫారం ఇచ్చి రావడానికి మా నాన్న దళం ఆఫీసుకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి నున్నగా క్షవరం చేయించుకుని ఉన్నారు. ఆఫీసరుగారిని కలవాలని, నా కోసం, నాన్న జుట్టు కత్తిరించుకున్నారని నాకెంత గర్వమేసిందో. ఆయన నాతో ఏమీ అనకుండా పెరట్లోకి వెళ్ళిపోయారు. అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "బరువు తక్కువని కొట్టేశారటమ్మా. నలభై మూడు కేజీలు చాలవట" అంది. నేను ఏడవలేదు. మర్నాటి నుంచి తినడం మొదలుపెట్టాను. పొద్దున్న రెండు గుడ్లు, రాత్రి పాలు, మధ్యలో ఎవరు ఏది పెడితే అది. అరటిపళ్ళు తిని తిని వాంతి చేసుకున్న రోజులున్నాయి. ఏడాదికి అయిదు కేజీలు పెరిగాను, ఈలోగా పెళ్ళిచూపులు మొదలయ్యాయి, యూనిఫారం మా పిన్ని కూతురికి ఇచ్చేశారు. అప్పటినుంచీ నేను ఎవరి మీదా కోపం పెట్టుకోలేదు. నా ఒంటి మీదే పెట్టుకున్నాను. అద్దంలో నా సన్నటి జబ్బలు చూసుకున్నప్పుడల్లా ఇవే కదా నా కొంప ముంచాయి అనుకునేదాన్ని. కడుపుతో ఉన్నప్పుడు కాటా ఎక్కితే అరవై చూపించింది. బిడ్డ సంగతి తట్టలేదు ముందు. ఇప్పుడైతే తీసుకునేవాళ్ళు అనుకున్నాను.

అంత తెలిసినదాన్ని, మళ్ళీ నా కూతురితో ఆ మాట ఎలా అన్నానని మీరు అడగొచ్చు. నేనూ నన్ను అడుగుతూనే ఉన్నాను. నా విషయంలో అది నిజమనే నమ్మాను మరి. బరువు చాలదంటే ఎవరి తప్పూ ఉండదు, ఎవరినీ ద్వేషించక్కర్లేదు, నేను బతకలేదా, ఇదీ బతుకుతుంది అనుకున్నాను. పైగా అలసిపోయి ఉన్నాను. ఆ కుర్చీ కావాలని కూడా ఉంది. సూది మేజోడుకి గుచ్చి లేచాను.

అత్తయ్యగారి మంచం పక్కన నేల మీద కూర్చుని బూట్లకి పాలిష్ పెడుతోంది అది. సన్నగా ఉంటుందని వాళ్ళ నాయనమ్మ దాన్ని పుల్ల అంటారు, ఇప్పుడు అందరం అలాగే పిలుస్తున్నాం.

"పుల్లా, మీ ఆఫీసు నుంచి ఫోనొచ్చిందే. నీ బరువు చాలదట."

అది బ్రష్ ఆపనైనా ఆపలేదు. "చాలదని నాకూ తెలుసమ్మా. పలకలు పెడతారుగా."

"ఏం పలకలు?"

"సీసం పలకలు. సీట్లో కనీసం యాభై అయిదు కేజీలుండాలి. లేకపోతే గ్లైడర్ ముక్కు పైకి లేచిపోతుంది. తక్కువున్నవాళ్ళకి సీటు కింద పలకలు బిగిస్తారు. పోయినేడు మా సీనియర్ అక్క నలభై ఒక్క కేజీలే, మూడు పెట్టారు." అప్పుడు తలెత్తింది. "ఫోన్లో ఎవరు మాట్లాడారు? కొత్తవాళ్ళయి ఉంటారు. రేపు మేడమ్‌తో నేను చెబుతాలే."

"ఎప్పట్నుంచి పెడుతున్నారే, ఈ పలకలు?"

"ఎప్పట్నుంచేమిటమ్మా. గ్లైడర్లున్నప్పట్నుంచీ. నీ రోజుల్లోనూ ఉండే ఉంటాయి."

"దీనికి పలకలెందుకే, రాళ్ళు కట్టి పంపితే సరి" అని అత్తయ్యగారు మంచం మీంచి నవ్వారు. అది కూడా నవ్వింది. అబద్ధమని దానికి అనుమానమైనా రాలేదు. ఇద్దరూ నవ్వు ఆపి నా మొహం చూస్తారేమోనని వంటింట్లోకి వచ్చేసి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి ముందు నిలబడి, అమ్మకి ఫోన్ చేశాను. నాన్న పోయి ఆరేళ్ళయింది. అడగడానికి ఇంక అమ్మే మిగిలింది.

"అమ్మా, ఆ ఏడు నాకు బరువు తక్కువని ఎవరన్నారు?"

ఏ ఏడని అడగలేదు అమ్మ. అవతల టీవీ కట్టేసిన చప్పుడు వినబడింది.

"ఇప్పుడెందుకమ్మా అది?"

"పలకలు పెడతారటగా. నీకు తెలుసా?"

"పలకలేమిటో నాకేం తెలుసు. మీ నాన్న అసలు ఆఫీసుకే వెళ్ళలేదు. ఆడపిల్లని అన్ని రోజులు బయట పడుకోబెట్టడం ఇష్టం లేదాయనకి. ఆ మాట నీ మొహం మీద అనడానికి నోరు రాలేదు. సందు చివర సెలూన్లో గంటన్నర కూర్చుని వచ్చారు. ఏదో ఒకటి చెప్పు, నువ్వు చెబితే వింటుంది అన్నారు."

"మరి బరువు మాట?"

"అది నాదే" అంది అమ్మ. "ఏం చెబితే తక్కువ ఏడుస్తావా అని ఆలోచించాను. నువ్వసలు ఏడవనే లేదు. తినడం మొదలుపెట్టావు. నేనేం చెయ్యను, పెట్టాను. పొద్దున్నే గుడ్డు వలుస్తూ, ఇవాళ చెప్పేస్తాను, ఇవాళ చెప్పేస్తాను అనుకునేదాన్ని. ఏడాది పాటు వలిచాను తల్లీ."

నాకు అమ్మ మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ నిలవలేదు. ఎందుకంటే అమ్మ వెంటనే, "పుల్ల వెళ్తోందిగా? దానికి నువ్వేమీ చెప్పలేదు కదా?" అని అడిగింది. ఆ మాట దాంతో అని అయిదు నిమిషాలు కాలేదు. పొయ్యి దగ్గర పనుందని ఫోన్ పెట్టేశాను.

గంటన్నర సేపు నాన్న సెలూన్లో ఏం చేసి ఉంటారని ఆలోచించాను. పాత పేపర్లు తిరగేసి ఉంటారు. వచ్చేపోయేవాళ్ళకి జరిగి చోటిచ్చి ఉంటారు. జేబులో నా ఫారం ఉంది. ఊరికే కూర్చుంటే బాగుండదని జుట్టు కత్తిరించుకుని ఉంటారు. ఆ జుట్టు నాకోసమేనని నేను ఇన్నేళ్ళు మోశాను. నాన్న పోయినప్పుడు వచ్చినవాళ్ళకి ఆ సంగతే చెప్పుకుని ఏడ్చాను. చూస్తే ఆ ఇంట్లో నాకు మిగిలిన ఒక్క మంచి జ్ఞాపకం కూడా నాది కాదు.

సాయంత్రం మా ఆయన రాకెట్ గోడకి ఆనించి, చెప్పులు విప్పుతూ, "చెప్పావా?" అన్నారు.

"చెప్పాను."

"ఏమంది?"

"బరువు తక్కువైతే అడ్డం కాదంది. అడ్డమని నేనే నమ్మాను, ఇరవై ఏడేళ్ళు."

ఆయనకి అర్థం కాలేదు. నేను కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, సెలూన్ దగ్గర్నుంచి గుడ్ల దాకా. విని, పాపం, నిజంగానే నొచ్చుకున్నారు. "మీ నాన్న అలా చెయ్యకుండా ఉండాల్సింది" అన్నారు.

"మీరు పొద్దున్న చేసిందీ అదే."

ఆయన చెప్పులు పక్కకి సర్ది, "మరి మా అమ్మ సంగతి?" అన్నారు.

"అయిదింటికి మీరొస్తారుగా. టీ ఫ్లాస్కులో పోసి పెడతాను. నాలుగుసార్లు నడిపించాలి, మధ్యలో ఒకసారి కూర్చోబెట్టాలి. మందుల చీటీ తలుపు వెనక అంటించాను. పన్నెండు రోజులు నేను సాయంత్రం షిఫ్టుకి వెళ్తున్నాను."

"షటిల్..." అన్నారు ఆయన, అని ఆగిపోయారు.

"వాళ్ళకి మీరే చెప్పండి. నేను చెప్పను."

రాకెట్ కేసి చూస్తూ కూర్చున్నారు. అత్తయ్యగారు లోపల్నుంచి, "వాడికి వాకర్ పట్టడం వచ్చా?" అని అడిగారు. నేను దాని శిక్షణ ఫారం తీసి తల్లి సంతకం అన్నచోట సంతకం చేసి, ఆగిపోయిన మేజోడు దగ్గరికి వెళ్ళాను. నాలుగో జత కుట్టడం అయ్యాక దాన్ని పిలిచి, ఫోన్ ఎవరూ చెయ్యలేదని, అది నేను కల్పించిన మాటని చెప్పాను. అది కుట్టిన మేజోళ్ళు చేతిలోకి తీసుకుంది. "సరేలే" అంది. ఆ పూట మాత్రం నాతో ఎక్కువ మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే మంచిదనిపించింది.

శనివారం పొద్దున్న దాన్ని దింపడానికి వెళ్ళాను. గేటు లోపల రేకుల షెడ్డు కింద కాటా పెట్టుకుని, ఎండకి కమిలిపోయిన మొహంతో ఒక శిక్షకురాలు కూర్చుని ఉంది. నా వయసే ఉంటుందేమో. పిల్లలు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. పుల్ల ఎక్కింది. "పదిహేడు. నలభై నాలుగు కేజీలు. రెండు పలకలు" అని రాసుకుని, గోడ వారగా పేర్చిన వాటిని పెన్నుతో చూపించింది. ఏ రంగూ లేని, ఇటికంత పొడవున్న పల్చటి పలకలు. పట్టుకోవడానికి పైన ఒక కమ్మీ ఉంది. అంచులు అరిగిపోయి ఉన్నాయి.

"ఒకసారి ఎత్తి చూడనా అండీ?" అన్నాను.

"బరువుంటాయి, చూసుకోండి."

ఎత్తాను. ఆరు కేజీలు, అటూ ఇటూగా ఒక వంద గ్రాములు. రెండోది ఇంకో చేత్తో ఎత్తాను. పన్నెండు. నా కౌంటరు మీదికి ఇంతకంటే బరువైనవి రోజుకి నలభై వస్తాయి, ఎత్తి పక్కన పెడుతుంటాను, చెయ్యి నొప్పి కూడా పుట్టదు. వాటిని అలాగే పట్టుకుని నిలబడ్డాను. షెడ్డు అవతల గడ్డి మీద తెల్లటి గ్లైడర్ ఒకటి ఒక రెక్క నేలకి ఆనించి ఉంది.

"అమ్మా, అవి నావి. ఇటియ్యి" అంది నా కూతురు, చేతులు చాపి.

ఇవ్వడానికి నాకు కాస్త సేపు పట్టింది.