తిమింగలాల్లేని ఏటి ఒడ్డు

మూట భుజానేసుకుని, పని దొరికితే గొర్రెల బొచ్చు కత్తిరిస్తూ, దొరక్కపోతే గాలం వేసుకుని మరంబిడ్జీ ఏటి ఒడ్డున బతికేవాళ్లని అక్కడ ‘తిమింగలగాళ్లు’ అంటారు. పట్టేది మాత్రం కాడ్ చేపల్నే. కాకపోతే కార్నీ డూలన్ ఒకసారి ఓ కాడ్‌ని పైకి లాగితే ఏట్లో నీళ్లు రెండడుగులు తగ్గి, దిగువన స్టీమరొకటి బురదలో దిగబడింది. కార్నీయే చెప్పాడు కాబట్టి నిజమే అయ్యుండాలి.

ఓ మంగళవారం కార్నీ గాలం పక్కన పెట్టి లేవాల్సొచ్చింది. నెల కిందట జ్వరంతో పోయిన అతని జతగాడు జేబెజ్ సమాధి చూడ్డానికి, కబురందుకుని, సముద్రం దాటి హోబార్ట్ నుంచి జేబెజ్ చెల్లెలు హెస్టర్ వచ్చింది. మట్టిదిబ్బ దగ్గర నిలబడి కార్నీని అడిగింది.

“మా అన్న ఏ ఓడ మీద పనిచేసేవాడండీ?”

“ఓడా?”

“తిమింగలగాణ్ణయ్యానని రాశాడుగా. ఇదిగో జాబు. పదకొండేళ్లు, తిమింగలాల ఓడ వచ్చిందంటే చాలు, రేవుకి పరిగెత్తేదాన్ని. తిరుగుజాబు రాద్దామంటే ఓడ పేరైనా రాయలేదు.”

ఆ దస్తూరీ కార్నీదే. జేబెజ్‌కి రాయడం రాదు. “ఏటి ఒడ్డునున్నానని రాయరా” అన్నాడు. అంత చప్పగా రాస్తే ఏం బావుంటుందని కార్నీయే ఆ మాట పెట్టాడు.

ఇప్పుడు కూడా అతని నోట్లో ఓ ఓడ తయారైపోయింది. మూడు తెరచాపలు, జేబెజ్ చేతిలో ఈటె, తిమింగలం పొట్టలో మూడ్రోజుల కాపురం. అదంతా మింగేశాడు.

“ఓడా లేదు, ఏమీ లేదమ్మా. ఇక్కడ చేపలు పట్టేవాళ్లని అలా అంటాం. ఆ మాట రాసింది నేను. వాడు రాయమన్లేదు.”

“పదకొండేళ్లూ ఇక్కడేనా?”

“ఈ మలుపులోనే.”

హెస్టర్ జాబు మడత పెట్టింది. విప్పింది. మళ్లీ మడత పెట్టింది.

“నేను జాబు రాయలేదని ఎప్పుడైనా బాధపడ్డాడా?”

“వాడా? వాడికంత తీరికెక్కడిదమ్మా! ఒక్కనాడూ అనలేదు.”

ఆమె నమ్మింది. కార్నీ ఏటి వైపు తిరిగి నిలబడ్డాడు.

జేబెజ్ ప్రతి శనివారం పన్నెండు మైళ్లు నడిచి పోస్టాఫీసుకెళ్లేవాడు. “ఏమైనా వచ్చిందా?” అని అడిగి, మళ్లీ పన్నెండు మైళ్లు నడిచి వచ్చేవాడు. ఈ మైళ్లలో కార్నీ కలిపింది ఒక్క అడుగు కూడా లేదు.