ఎస్తేరు పాసు చెయ్యని యాప్

ఎస్తేరుది రేగొండ దగ్గర పల్లె. చిన్నప్పుడు తట్టు వచ్చి రెండు కళ్లూ పోయాయి. హాస్టల్లో ఉండి చదువుకుంది, కంప్యూటర్ నేర్చుకుంది, ఇప్పుడు జనగామలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటోంది. ఏం పని చేస్తావని ఇంటి ఓనరమ్మ అడిగింది.

"వెబ్‌సైట్లు, యాప్‌లు తయారుచేసేటోళ్లు నాకు పంపిస్తరమ్మా. కండ్లు కనబడనోళ్లకు, చేతులు సరిగ్గ లేనోళ్లకు వాటిని వాడొస్తదా లేదా అని చూసి చెప్త."

"కండ్లు లేకుంట ఎట్ల చూస్తవు బిడ్డా?"

"గందుకే నాకిస్తరు" అని ఎస్తేరు నవ్వింది.

అప్పటిదాకా హైదరాబాద్ కంపెనీల కింద చేసింది. సొంత పేరు మీద వచ్చిన మొదటి పని పాల రైతుల సంఘానిది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఆ సంఘానికి సభ్యులున్నారు. వికలాంగులున్న ఇళ్లకు సంఘమే బర్రెలు ఇప్పించింది కాబట్టి వాళ్లలో కళ్లు లేనివాళ్లు, చేతులూ కాళ్లూ పోయినవాళ్లు చాలామందే. ఇన్నాళ్లూ బర్రెకు బాగాలేకపోతే పశువుల డాక్టరుకు ఫోన్ కొట్టేవాళ్లు. ఎప్పుడు కొట్టినా లైను బిజీ. అందుకని సంఘం ఒక వెబ్ యాప్ చేయించింది. ఫోన్లో తెరిచి, జబ్బేంటో, బర్రె ఎక్కడుందో చెబితే దగ్గర్లో ఉన్న డాక్టరుకు కబురు పోతుంది. యాప్ మొదలైన రోజు నుంచి ఫోన్లు బంద్. సంఘం కార్యదర్శి దామోదర్ ఎస్తేరుకు చెప్పింది ఇదే.

"సోమవారం జనగామల ప్రారంభోత్సవం పెట్టుకున్నమమ్మా. ఛైర్మన్ వస్తుండు. నువ్వు జర చూసి, వికలాంగులకు మంచిగుందని ఒక కాయితం రాసిస్తే చాలు."

ఎస్తేరు ఒక్కతే చూడలేదు. కొత్తగూడ మండలంలోని ఒక తండా నుంచి వీరేందర్‌ను కలుపుకుంది. మక్కల మిషన్లో పడి అతని కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. బీకాం చదివాడు, ఎడమచేత్తో కీబోర్డు మీద గబగబా కొడతాడు. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఎవరి చోట వాళ్లు యాప్ తెరిచారు.

ఎస్తేరు ఫోన్లో తెర మీది రాతను చదివి వినిపించే గొంతు ఒకటుంది. వేలితో ఏది తాకితే దాని పేరు చెబుతుంది. అది యాప్ తెరవగానే "బటన్" అంది. పక్కకు జరిపితే మళ్లీ "బటన్". ఇంకోటి, అదీ "బటన్". ఏది దేనికో పేరే పెట్టలేదు. లోపలికి పోవాలంటే బొమ్మలో ఉన్న వంకర అక్షరాలు చూసి కొట్టాలి. ఓనరమ్మను పిలిచి చదివించుకుని లోపలికి పోయింది. జబ్బు పేరు వెతుక్కునేలోపు సమయం అయిపోయిందంటూ మొదటికి తెచ్చింది. అవన్నీ దాటితే చివర పటం వచ్చింది. బర్రె ఉన్న చోట గుర్తు పెట్టాలి. ఫోన్ గొంతు ఆ పటం దగ్గర ఏమీ మాట్లాడకుండా ఊరుకుంది. ఎస్తేరు వేలు ఎంత జరిపినా ఒక్క ఊరి పేరు కూడా వినబడలేదు.

"నీకెట్లుంది?" అని వీరేందర్‌ను అడిగింది.

"పటం పెద్దగ చెయ్యాలంటే రెండు వేళ్లు పెట్టి సాగదియ్యాలె అక్కా. ఉన్న ఒక్క చెయ్యితోని ఫోన్ పట్టుకుంటి, ఇంక సాగదీసుడెట్ల? కంప్యూటర్ల చూద్దామంటే మౌసు లేకుంట కదలనంటది."

ఆ సాయంత్రమే ఎస్తేరు రాసి పంపింది. యాప్ పాసు కాదు. ఎందుకు కాదో, ఒక్కోటి ఎట్లా సరిచెయ్యాలో వివరంగా రాసింది.

మర్నాడు పొద్దున్నే రఘునాథ్ ఫోన్ చేశాడు. యాప్ తయారుచేసింది అతనే.

"మేడం, మేం కంప్యూటర్ల తప్పులు పట్టే మిషన్ పెట్టి చెక్ చేసినం. నూటికి దగ్గర దగ్గర మార్కులొచ్చినయ్. మీరేమో ఫెయిల్ అంటున్నరు!"

"బటన్‌కు రంగు సరిగ్గున్నదా అని మిషన్ చూస్తది అన్నా. బర్రె చావుబతుకుల మీదున్నప్పుడు మనిషి చివరిదాంక పోగలుగుతడా అనేది చూడది."

"ఇప్పటికైతే పాస్ అనుండ్రి. ప్రారంభం అయినంక చేద్దాం. నా మీద ఎంత ఒత్తిడి ఉందో మీకు తెల్వదు."

ఎస్తేరుకు ఇది సొంత పేరు మీద మొదటి పని. ఇక్కడ కాదంటే పేచీల మనిషని పేరు పడుతుంది, రెండో పని ఎవరిస్తారు? కానీ సోమవారం నుంచి ఫోన్లు బంద్ అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది.

"నేను రాయను అన్నా. మీరూ దామోదర్ సారూ ఒక్కసారి కొత్తగూడ తండాకు రాండ్రి. అక్కడ మీ సభ్యురాలే, కండ్లు కనబడని కమ్లీ అనే ఆమె చేతికి యాప్ ఇద్దాం. ఆమెతోని అయితదంటే అప్పుడే సంతకం పెడ్త."

ఇద్దరూ వచ్చారు. జనగామ నుంచి ఎస్తేరును కారులో ఎక్కించుకుని మహబూబాబాద్ మీదుగా అడవి దారి పట్టారు. దారి పొడుగునా దామోదర్ ప్రారంభోత్సవం ముచ్చటే చెప్పాడు. ఫ్లెక్సీలు కొట్టించారట, టెంటు మాట్లాడారట.

వీరేందర్ తండా మొదట్లోనే ఎదురొచ్చి కమ్లీ ఇంటికి తీసుకుపోయాడు. కమ్లీకి నడివయసు. చక్కెర జబ్బుతో చూపు పోయి కొన్నేళ్లయింది. భర్త లేడు, కొడుకు కూలికి బయట ఊళ్లలో ఉంటాడు. రెండు బర్రెలను ఆమె ఒక్కతే సాకుతుంది. కొట్టంలోకి పోతే ఏ బర్రె ఏ పక్క నిలబడిందో ఊపిరి చప్పుడును బట్టి చెబుతుంది. వీరేందర్ ఆమెకు లంబాడీ మాటల్లో సంగతి చెప్పాడు. పక్కింటి భాగ్య మంచం వాల్చి అందర్నీ కూర్చోబెట్టింది.

కమ్లీ ఫోన్లో కూడా మాట్లాడే గొంతు ఉంది. కొడుకుతో మాట్లాడటానికీ, పాటలు వినడానికీ దాన్ని వాడటం ఆమెకు అలవాటే. యాప్ తెరిచింది. "బటన్" అంది ఫోన్. కమ్లీ జరిపింది. "బటన్" అంది.

"ఏం బటన్ అయ్యా?" అంది కమ్లీ.

రఘునాథ్ నోరు తెరవబోయి ఆగాడు. చెప్పకూడదని ముందే అనుకున్నారు. వంకర అక్షరాలు మాత్రం భాగ్య చదివి చెప్పింది. కమ్లీ ఎట్లాగో పటం దాకా వచ్చింది. ఫోన్ మూగబోయింది. కమ్లీ వేలు తెర మీద అటూ ఇటూ తిరిగింది, చెవి దగ్గర పెట్టుకుని విన్నది, మళ్లీ తాకింది.

"నా బర్రె యాడుందో నాకెరుకనే. గీ ఫోనుకు ఎట్ల చెప్పాలె?"

భాగ్య ముందుకొచ్చి, "తే అక్కా, నేను ఒత్తుత" అంది.

కమ్లీ ఫోన్ ఇవ్వలేదు. "నువ్వు ఇయ్యాల ఉన్నవు భాగ్యా. రేపు మిరప ఏరవోతవు. పోయినేడు నా బర్రెకు పుట్టిన దుడ్డె కడుపుబ్బి చచ్చిన దినం నువ్వున్నవా? డాక్టరుకు లైను దొరక్క ఆ దుడ్డె నా ఒళ్లనే పాణమిడిసింది." ఆమె దామోదర్ గొంతు వినబడిన వైపు తిరిగింది. "ఇగ ఆ ఫోను కూడ బంద్ జేస్తరట గద సారూ? మరి నేను సంఘంల ఉన్నట్టా, లేనట్టా?"

దామోదర్ కండువాతో మొహం తుడుచుకున్నాడు. రఘునాథ్ లేచి కొట్టం దాకా పోయి నిలబడ్డాడు. తిరిగొచ్చి కమ్లీ పక్కన నేల మీదనే కూర్చుని, "అక్కా, పాలు పోసేటప్పుడు సంఘపోళ్లు నిన్ను ఏమడుగుతరు?" అన్నాడు.

"సభ్యత్వం నంబరు చెప్పమంటరు."

"ఆ నంబరులోనే ఇంటి అడ్రసు ఉంటది" అని రఘునాథ్ తనలో తను అనుకుంటున్నట్టే అన్నాడు. "పటం ఎందుకు పెట్టిన నేను? బర్రె ఇంటి కాడనే ఉందా అని ఒక్క మాట అడిగితే సరిపోతుండె. వేరే కాడుంటే ఊరి పేరు నోటితోని చెప్పనియ్యొచ్చు." ఎస్తేరు వైపు తిరిగాడు. "మేడం, మీరు రాసిన కాయితం నేను పూర్తిగ చదవలే. కోపమొచ్చి సగంల మూసేసిన. ఇప్పుడు మొదటి నుంచి చెప్తరా?"

వేపచెట్టు నీడలో కూర్చుని అంతా ఒకసారి చెప్పుకున్నారు. దామోదర్ పక్కకు పోయి ఛైర్మన్‌కు ఫోన్ చేశాడు. అవతలి గొంతు పెద్దగా అరవడం వీళ్లకూ వినిపించింది. దామోదర్ మాత్రం, "లేదు సార్. సోమవారం పెడితే మన సభ్యులనే మనం బయట నిలబెట్టినట్టయితది. ఫ్లెక్సీల సంగతి నేను జూసుకుంట" అని కచ్చితంగా చెప్పి పెట్టేశాడు.

ఆ తర్వాత రఘునాథ్‌కూ ఎస్తేరుకూ రోజూ ఫోన్లే. అతను సరిచేసి పంపేవాడు, ఆమె విని చూసేది, వీరేందర్ ఒంటిచేత్తో చూసేవాడు. బటన్లకు పేర్లొచ్చాయి. వంకర అక్షరాలూ పటమూ పోయాయి. నిదానంగా చేసేవాళ్ల కోసం "ఇంకా సమయం కావాలా?" అని యాప్ అడగటం మొదలుపెట్టింది. అయినా ఎస్తేరు పాసు చెయ్యలేదు. సభ్యత్వం నంబరు తప్పు కొడితే గడి ఎర్రబడుతోందని వీరేందర్ చెప్పాడు, అంతే. తప్పు పడిందని గొంతు చెప్పడం లేదు.

"ఎరుపు నాకెట్ల తెలుస్తది అన్నా?"

"అయ్యో, నిజమే!" అని రఘునాథ్ తల కొట్టుకున్నాడు. అప్పటికి ఇద్దరూ ఒకరి మీద ఒకరు నవ్వుకునేంత చనువు వచ్చింది. అదీ సరిచేశాక యాప్‌ను మళ్లీ కమ్లీకి పంపారు. ఆమె ఎవరి సాయం లేకుండా చివరిదాకా పోయింది. ఎస్తేరు సంతకం పెట్టింది.

ప్రారంభోత్సవం జనగామలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. మూడు జిల్లాల నుంచీ సభ్యులొచ్చారు. స్టేజీ మీద ఛైర్మన్ బటన్ నొక్కాలని అనుకున్నారు. దామోదర్ మైకు అందుకుని, "ఇయ్యాల బటన్ మనం ఒత్తుతలేము, కమ్లక్క ఒత్తుతది" అన్నాడు. ఒక బర్రె ఈనేలా ఉందని కమ్లీ హాలుకు రాలేదు, తండాలోనే ఉండిపోయింది. ఆమె పక్కనున్న వీరేందర్ ఫోనుకు కలిపి, ఆమె మాటలు అందరికీ వినబడేలా మైకు దగ్గర పెట్టారు.

"సారూ, బర్రెకు నొప్పులు వడ్డయ్. దుడ్డె అడ్డం తిరిగినట్టుంది. మీ మీటింగ్ సంగతి నాకు తెల్వదు, నేను నిజంగనే ఒత్తుతున్న" అంది కమ్లీ.

మైకులోంచి కమ్లీ సొంత ఫోన్ గొంతు వినబడుతోంది. "డాక్టర్‌ను పిలవండి, బటన్. ఈనే సమయంలో ఇబ్బంది, బటన్. బర్రె ఇంటి దగ్గరే ఉందా? అవును, బటన్." ఎస్తేరు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. తర్వాత ఆ గొంతు, "మీ కబురు అందింది. డాక్టర్ బయల్దేరారు" అంది.

ఒక్కసారిగా చప్పట్లు. వెనక వరసలో చంకకర్రల మనుషులు కర్రలతో నేల మీద కొట్టారు. రఘునాథ్ ఎస్తేరు కుర్చీ దగ్గరికొచ్చి ఏదో అన్నాడు గానీ ఆ గోలలో ఆమెకు వినబడలేదు.

భోజనాలు కాకముందే వీరేందర్ తండా నుంచి ఫోన్ చేశాడు. డాక్టరు వచ్చాడు. దుడ్డెను సరిజేసి బయటికి తీశాడు. తల్లీ పిల్లా రెండూ బాగున్నాయి. దామోదర్ ఆ మాట మైకులో చెప్పేసరికి ఛైర్మనే లేచి నిలబడ్డాడు. భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన చేనేత సంఘం వాళ్లు ఎస్తేరు చుట్టూ చేరి, మా వెబ్‌సైట్ కూడా చూసిపెట్టమ్మా అని నంబరు అడిగారు.

నెల తిరిగాక ఎస్తేరు మళ్లీ తండాకు పోయింది. కమ్లీ ఇంటి ముందర ఆడవాళ్ల మాటలు చాలా వినబడ్డాయి. ఏంటని వీరేందర్‌ను అడిగింది.

"కండ్లున్నా చదువు రానోళ్లు గదక్కా గీళ్లంత. రాత చదవలేరు, వింటే మాత్రం అర్థమైతది. ఫోన్ల మాట్లాడే గొంతు ఎట్ల పెట్టుకోవాల్నో కమ్లీ పెద్దమ్మ నేర్పుతుంది."

"వేలు తేల్చి తాకు భాగ్యా, గట్టిగ గుద్దకు!" అని కమ్లీ కసురుతోంది. భాగ్య ఫోన్ "డాక్టర్‌ను పిలవండి, బటన్" అని పలకగానే ఆడవాళ్లంతా పకపక నవ్వారు. ఎస్తేరు చెప్పులు విడిచి, వాళ్ల మధ్యలో చోటు చేసుకుని కూర్చుంది.