ఐదో గులకరాయి

నాకు నోరు మూసుకోవడం రాదు. అలాంటి నన్ను ఐదుగురు కాలేజీ పిల్లల వెనకాల, నాలుగు రోజుల పాటు, రెండొందల అడుగుల దూరంలో పెదవి విప్పకుండా నడవమన్నారు. నడిచాను. ఎలా నడిచానో నాకే తెలుసు. మొదటిరోజు మధ్యాహ్నానికే గోళ్లన్నీ కొరికేశాను.

మా శిక్షణ బడి చెరంగానీ కొండల మీద ఉంది. నైరోబీ నుంచి, మొంబాసా నుంచి, ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వచ్చి మూడు వారాలుండి కొండలెక్కడం, తాళ్లు కట్టడం, గుడారం వేసుకుని వండుకు తినడం నేర్చుకుంటారు. ఆఖరున నాలుగు రోజుల నడక. మ్యాపు వాళ్లదే, దారి వాళ్లదే, తప్పులూ వాళ్లవే. నాలుగో రోజు చీకటి పడేలోపు కెరియో లోయలో మామిడి తోటకు చేరితే బ్యాడ్జి వస్తుంది. వెనకాల ఒక ఇన్‌స్ట్రక్టర్ నడవాలి గానీ దారి చెప్పకూడదు. అలా నడవడమే ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగానికి పరీక్ష, నాకిది మూడోసారి. నాలుగోసారి ఎవరికీ ఇవ్వరు. ఇదీ పోతే మళ్లీ స్టోర్ రూములో బురద తాళ్లు ఉతికి ఆరేసుకోవాలి. నాలుగేళ్లుగా ఆ పనే, మధ్యలో కొత్త పిల్లల చేత అన్నంగది గోడ మీది రూల్సు వల్లె వేయించడం. ఇంక నా వల్ల కాదు.

మా పెద్ద ఇన్‌స్ట్రక్టర్ ముగంబి సార్. మేరు వైపు మనిషి, కెన్యా కొండ అడవుల్లో పెరిగాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. బయల్దేరే ముందు నా అరచేతిలో ఐదు గులకరాళ్లు పెట్టాడు. పిల్లలకు సలహా ఇచ్చిన ప్రతిసారీ ఒక రాయి వాళ్లకు ఇచ్చేయాలి. లోయకు చేరేసరికి కనీసం ఒక్కటి నా జేబులో మిగలాలి. ఇదీ ఆయన పద్ధతి. ఆయన కూడా తన జేబులో ఐదు రాళ్లు పెట్టుకునే తిరుగుతాడు. అందులో ఒక్కటి ఖర్చయినట్టు మా బడిలో ఎవరూ ఎరగరు.

మెడలో ఈల కూడా ఉంటుంది. ప్రాణం మీదికి వస్తే ఈల ఊదొచ్చు, దానికి రాయి ఇవ్వక్కర్లేదు. కానీ ఊదితే నడక అక్కడితో సరి, పిల్లలు వచ్చే ఏడాది మళ్లీ మొదటి నుంచి నడవాలి. మొదటిసారి పరీక్షలో నేను కొమ్మ మీద పచ్చపామును చూసి ఊదాను. అది ఎవరి జోలికీ పోని పాము. రెండోసారి పొగమంచును చూసి ఊదాను. ఊదిన పావుగంటకు మంచు విడిపోయి ఎండ కాసింది. ఆ పిల్లలు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఈసారి గుంపుకు నాయకురాలు వాంగెచి, నైరోబీ పిల్ల, గబగబా నడిచి గబగబా నిర్ణయాలు తీసుకునే రకం. మొంబాసా కుర్రాడు స్వాలెహ్ వెటకారానికి పుట్టినవాడు. కిటుయి నుంచి వచ్చిన న్దుకు రోజంతా కలిపి నాలుగు ముక్కలు మాట్లాడేది. మిగతా ఇద్దరూ వాంగెచి ఎటంటే అటు.

మొదటి రాయి ఉగాలీకి, అంటే మొక్కజొన్న సంకటికి పోయింది. స్వాలెహ్ మరగని నీళ్లలో పిండి పోస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

"నీళ్లు మరగనీ నాయనా! అది తింటే రాత్రంతా కడుపు పట్టుకుని కూర్చుంటారు."

వాడు వెంటనే చెయ్యి చాచాడు. "రాయి, మేడం."

రెండోది తడి సాక్సులకు పోయింది. మూడోది స్వాలెహ్ నన్ను ఉడికించి కొట్టేశాడు. ఎగిరే కాకిని చూపించి "అబ్బ, ఎంత పెద్ద గద్దో!" అన్నాడు. నేను నాలుక కరుచుకున్నాను. వాడు మళ్లీ అన్నాడు. మూడోసారి "మేడం వాళ్ల ఊళ్లో గద్దలు నల్లగా ఉంటాయి రా" అన్నాడు.

"అది కాకి రా వెధవా!"

ఐదుగురూ పడీపడీ నవ్వారు. రాయి ఇస్తుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగోది మూడో రోజున పోయింది. వాంగెచి మ్యాపు తలకిందులుగా పట్టుకుని ఉత్తరం వెతుకుతుంటే నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది. ఇక ఒక్కటే మిగిలింది. దాన్ని జేబులో పెట్టుకుంటే పోతుందేమోనని పిడికిట్లో పట్టుకుని నడిచాను.

నాలుగో రోజు పొద్దున అడవి దాటి లోయ అంచుకు చేరాం. అక్కడి నుంచి కిందికి కాలిబాట ఉండాలి, మ్యాపులో ఉంది. కానీ మొన్నటి వానలకు కొండచరియ జారి బాట కొట్టుకుపోయింది. పిల్లలు గంటసేపు అటూ ఇటూ తిరిగారు. నేను వెనకాల కాలుగాలిన పిల్లిలా తిరిగాను. బాట చరియకు అవతలి పక్కన మళ్లీ మొదలవుతుంది, మేకల పెంట చూస్తే తెలుస్తుంది. నాకు తెలుసు, మాది ఈ లోయే. చెప్పకూడదు.

అప్పుడు నీళ్ల చప్పుడు వినబడింది.

"ఇంకేం, దారి దొరికింది!" అన్నాడు స్వాలెహ్. "అన్నంగది గోడ మీద ఏం రాసుంది? దారి తప్పితే నీళ్ల వెంట పొండి, నీళ్లు ఊరికి చేరుస్తాయి. మేడం మొదటి వారంలోనే మన చేత వల్లె వేయించింది కదా?"

వాంగెచి నా వైపు తిరిగింది. "కదా మేడం?"

నేను ఆకాశం వైపు చూశాను. వాళ్లు పొదలు తప్పించుకుంటూ నీళ్ల దగ్గరికి దిగారు.

అది వాగు కాదు. మా మరక్వెత్ తెగవాళ్ల కాలువ. మా తాతల తాతలు ఎక్కడో పైన ఏటికి అడ్డుకట్ట వేసి, ఆ నీళ్లను కొండ నడుము చుట్టూ తిప్పి తిప్పి లోయలో జొన్నచేలకు తెచ్చుకున్నారు. వాగు పల్లం వెతుక్కుంటుంది. కాలువ చేను వెతుక్కుంటుంది, మధ్యలో నిలువు బండ అడ్డం వస్తే ఆగదు, దుంగలూ రాళ్లూ పేర్చిన అంచు మీదుగా బండకు అతుక్కుని పోతుంది. ఆ అంచు వెడల్పు జానెడో మూరెడో. దాని కింద గాలి. ఆ అంచు మీద మా మగవాళ్లు నడిచి చెత్త తీస్తారు, గండ్లు పూడుస్తారు. ఆడవాళ్లు కాలువ పని దగ్గరికి పోకూడదని మా ఆచారం. అందుకని నేనెప్పుడూ దాని మీద కాలు పెట్టలేదు. కింద నుంచి తలెత్తి చూడటమే. అలవాటు లేనివాళ్లు దాని మీద నడవొచ్చో, నడవకూడదో నాకు నిజంగా తెలియదు.

అదే నన్ను తినేసింది. ఇది ప్రమాదమా, లేక మళ్లీ నా పచ్చపామేనా? ఈల ఊదితే ఐదుగురి నాలుగు రోజుల కష్టం బూడిదలో పోసినట్టే. ఊదకపోతే? ఒక చేత్తో ఈల పట్టుకున్నాను, రెండో చేత్తో రాయి. ఈల పెదవుల దాకా తెచ్చి దించాను. మళ్లీ తెచ్చాను. వాళ్లు ఒకరి వెనక ఒకరు కాలువ గట్టు మీద హుషారుగా పోతున్నారు, స్వాలెహ్ పాట కూడా ఎత్తుకున్నాడు. నాకు వాడి పీక పిసకాలనిపించింది, వాణ్ని ఎత్తుకుని వెనక్కి పరిగెత్తాలనీ అనిపించింది.

మలుపు తిరిగేసరికి బండ వచ్చింది. గట్టు సన్నబడింది. ముందు నడుస్తున్న న్దుకు ఆగిపోయింది.

"ఏమైందే?" అంది వాంగెచి.

"ఈ నీళ్లు చూడు" అంది న్దుకు. "ఇంతసేపు నడిచినా దిగట్లేదు. మా ఊళ్లో ఏడాదికి రెండుసార్లే వాగు వస్తుంది, వచ్చినప్పుడు దూకుతూ వస్తుంది. ఇవి చూడు, నడుస్తున్నాయి."

"నీళ్లు నడిస్తే నీకేంటి, పరిగెత్తితే నీకేంటి?" అన్నాడు స్వాలెహ్. "జరుగు, నేను ముందు పోతా. రూలు రూలే."

వాడు బూటు కాలెత్తి అంచు మీద పెట్టబోయాడు. నేను పరిగెత్తాను.

ఈల ఊదలేదు. ఎందుకు ఊదలేదో అప్పుడు తెలియలేదు, నడుస్తూ ఆలోచిస్తే తెలిసింది. ప్రమాదం ఆ అంచుది కాదు, నేను నేర్పిన మాటది. వాళ్లు దారి తప్పలేదు, నా మాట వెంట వచ్చారు. నా తప్పుకు వాళ్ల బ్యాడ్జి ఎందుకు పోవాలి?

స్వాలెహ్ చెయ్యి పట్టి ఆపి, అందులో రాయి పెట్టాను. వాడు వెటకారం మరిచిపోయి నా మొహం చూశాడు.

"నేను మీకు చెప్పింది తప్పు" అన్నాను. "నీళ్ల వెంట పోతే ఊరొస్తుందన్నాను. ఇవి మనుషులు మళ్లించిన నీళ్లు. ఇవి ఎటు పోతాయో నీళ్లకు కాదు, వాళ్లకు తెలుసు. అంతే. ఇంకేం చెప్పను."

"అంటే వెనక్కి పోవాలా?" అంది వాంగెచి.

నోరు మూసుకున్నాను. పుట్టాక మొదటిసారి అనుకుంటా, అంత గట్టిగా మూసుకున్నాను. వెనక్కి రెండొందల అడుగులు నడిచి, వీపు చూపిస్తూ నిలబడ్డాను. వాళ్లు వాదించుకోవడం వినబడుతోంది.

"ఇంతసేపు నడిచి వెనక్కా? చీకటి పడితే బ్యాడ్జి గోవిందా" అన్నాడు స్వాలెహ్.

"నీకు బ్యాడ్జి కావాలా, కాళ్లు కావాలా?" అంది న్దుకు. ఆ పిల్ల గొంతు పెంచడం అదే మొదటిసారి.

కాసేపటికి ఐదుగురూ నన్ను దాటుకుని వెనక్కి ఎక్కారు. ఎవరూ నా వైపు చూడలేదు. కోపంగా ఉన్నారు, ఉండరా మరి? చరియ దగ్గర మళ్లీ వెతికారు. ఈసారి మేకల పెంటను న్దుకు చూసింది. అవతలి పక్కన బాట దొరికింది.

సగం కొండ దిగాక వాంగెచి ఆగి పైకి చూపించింది. ఆ బండ, దాని నడుముకు కాలువ, కాలువ అంచు మీద ఒక మనిషి. భుజాన పార, చేతులూపుకుంటూ పోతున్నాడు.

"చూశారా మేడం?" అన్నాడు స్వాలెహ్. "ఆయన పెళ్లి విందుకు పోతున్నట్టు పోతున్నాడు!"

నాకు ఏడుపొచ్చింది. మళ్లీ పచ్చపామేనా? పరీక్షా పోయింది, పరువూ పోయింది. న్దుకు వాడి వైపు తిరిగింది.

"ఆయనకు ఆ అంచు పుట్టినప్పటి నుంచి తెలుసు. నీకు పొద్దున్నుంచి తెలుసు."

స్వాలెహ్ నీళ్ల సీసా తీసి ముందు ఆ పిల్లకు ఇచ్చాడు.

పొద్దు కొండ వెనక్కి వాలుతుండగా మామిడి తోటకు చేరాం. ముగంబి సార్ చెట్టు కింద మడత కుర్చీలో బైనాక్యులర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన అక్కడి నుంచి ఆ బండనంతా చూశాడని అర్థమైంది. పిల్లలతో చేతులు కలిపి బ్యాడ్జీలు ఇచ్చాడు. వాళ్లు బూట్లు విప్పి గడ్డిలో పడ్డారు.

"రాళ్లెన్ని?" అన్నాడు నన్ను.

"లేవు సార్."

"ఆఖరుది దేనికి పోయింది?"

చెప్పాను. నా తప్పు నేనే చెప్పుకున్నానని, దారి మాత్రం చెప్పలేదని, మొత్తం చెప్పాను. అంతా విని అడిగాడు.

"ఆ మాట నీకెవరు నేర్పారు?"

ఎలాగూ పరీక్ష పోయింది, ఇంక దేనికి భయం? "మీరే సార్. అన్నంగది గోడ మీద నీలం రంగుతో. మీ చేతిరాతే."

ఆయన బండ వైపు చూశాడు. "మా వైపు ఏ నీళ్ల వెంట పోయినా ఊరే వస్తుంది" అన్నాడు.

"ఇది మీ వైపు కాదు సార్."

"కాదు. ఇది నీ ఊరు, జెలిమో. నీ వాళ్ల కాలువ. నాలుగేళ్లుగా ఆ గోడ కిందే కూర్చుని తింటున్నావు. ఒక్కసారైనా నాకు చెప్పలేదేం?"

ఉగాలీ గురించి చెప్పాను, సాక్సుల గురించి చెప్పాను, కాకి గురించి కూడా చెప్పాను. ఈ ఒక్క మాట చెబితే ఆయనకు కోపమొస్తుందేమో, ఉద్యోగం రాదేమోనని నాలుగేళ్లు మింగేసి, పైగా దాన్నే పిల్లల చేత వల్లె వేయించాను. నోరు మూసుకోవడం రాదట నాకు! సిగ్గుతో తల దించుకున్నాను.

"భయపడ్డాను సార్" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచాడు. జేబులో చెయ్యి పెట్టి ఒక గులకరాయి తీశాడు. ఆయన ఎవరికీ ఇవ్వని ఐదింట్లో ఒకటి, ఏళ్ల తరబడి జేబులో ఒరిసి నున్నగా ఉంది. దాన్ని నా అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"రేపు పొద్దున ఆ గోడకు రంగు వేయాలి" అన్నాడు. "ఏం రాయాలో నువ్వు చెప్పు. నేను వింటాను."

గడ్డిలోంచి స్వాలెహ్ తలెత్తి చూశాడు. "ఒరేయ్, మేడం చేతిలో ఒకటి మిగిలింది!" అని అరిచాడు.