కాలువ వంపులో మాన్సా వేళ్ళు

క్లియోఫాస్‌కి డెబ్బై రెండేళ్ళు. నోట్లో ఇరవై ఎనిమిది పళ్ళు, అన్నీ సొంతవే. ప్లాసిటా హోండా అనే ఆ కొండ ఊళ్ళో ఆ వయసు వాళ్ళెవరికీ అన్ని లేవు, ఉన్నవి కూడా ఊగుతుంటాయి. పళ్ళ డాక్టరు కావాలంటే కొండ దిగి గంటన్నర కారులో పోవాలి. పోయినా నాలుగు నెలల తర్వాత రమ్మంటారు. అందుకని చిగురు వాచినా నెత్తురు కారినా ఊరంతా ముందు ఈవిడ గుమ్మమే తొక్కుతుంది.

వచ్చేవాళ్ళు ఖాళీ సీసా పట్టుకుని మరీ వస్తారు. ఆవిడ పెరట్లో పుదీనా ఉంది, సేజి ఆకు ఉంది, కానీ అసలు సరుకు మాన్సా అనే మొక్క వేరు. పెరటి చివర కాలువ వంపు తిరిగే చోట గట్టుకి చిన్న గండి ఉంది. అక్కడ ఊరే తడిలోనే మాన్సా బతుకుతుంది. వాళ్ళ అమ్మమ్మ నాటింది. ఏటా ఆకులు ఎండే వేళకి క్లియోఫాస్ కొన్ని వేళ్ళు తవ్వి, కడిగి, ముక్కలు కోసి ఎండబెడుతుంది. సేజి ఆకుతో కలిపి మరిగించి, చిటికెడు ఉప్పు వేసి, చల్లారాక సీసాల్లో పోసిస్తుంది.

"పుక్కిలించి ఉమ్మెయ్, మింగకు. ఇది చిగుళ్ళకే. పిప్పి పన్నుకి ఇది చాలదు, దానికి డాక్టరు దగ్గరికే పో" అని ప్రతివాళ్ళకీ చెప్పి పంపుతుంది. డబ్బు పుచ్చుకోదు. కడిగిన సీసా తెమ్మంటుంది, అంతే. అది కూడా తేరు కొందరు.

మార్చిలో కాలువ పూడిక తీసే రోజు దగ్గరపడింది. నీళ్ళ హక్కున్న ప్రతి ఇంటి నుంచీ ఒక పార రావాలి. కాలువ పెద్దగా ఉన్నవాడు కర్రతో కొలిచి వంతులు గీస్తాడు, ఎవరి వంతు వాళ్ళు తవ్వుతారు. ఈ ఏడు ఆ పెత్తనం ఒనేసిమోకి వచ్చింది. క్లియోఫాస్ తమ్ముడి కొడుకు. వారం ముందు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అత్తా, నీ వంపు దగ్గర గండి పూడ్చేస్తున్నాం. సిమెంటు కూడా తెప్పించా. కింద బీన్స్ చేలకి నీళ్ళందట్లేదు."

"ఆ తడి పోతే మాన్సా పోతుందిరా."

"చుక్క కూడా వృథా పోకూడదని మీటింగులో అందరూ చేతులెత్తారు."

"అందరూ అంటే?"

"అందరూనే, అత్తా."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఆ చేతులెత్తిన వాళ్ళలో ఎవరి నోట్లో ఏ చిగురు కారుతుందో ఆవిడకి కంఠతా వచ్చు. బెలార్మినో క్రిస్మస్ నుంచి మూడు సీసాలు పట్టుకుపోయాడు. ఈ ఒనేసిమోయే ఎడమ దవడ పట్టుకుని పోయిన నెలలో రెండుసార్లు వచ్చాడు. వీళ్ళ నోళ్ళకి తన వేరు కావాలి, ఆ వేరుకి మాత్రం గుక్కెడు నీళ్ళుండకూడదు.

"పూడిక రోజు నేనొచ్చి మాట్లాడేదాకా దాని జోలికి పోకు" అంది. సరేనన్నాడు.

ఆ రోజు పనివాళ్ళకి మధ్యాహ్నం తిండి ఆవిడ వంతు. ఎర్ర మిరపకాయల కూర, బీన్స్, గుడ్డలో చుట్టిన టోర్టిల్లా రొట్టెలు పట్టుకుని గట్టు మీదికి వెళ్ళేసరికి వంపు దగ్గర నేల బోసిగా ఉంది. తడి మట్టిలో పార గాట్లు కనిపించాయి. పక్కన కుప్పగా ఎర్రబారిన ఎండుటాకులు, వాటి కింద వేళ్ళు. ఇరవై మంది గట్టున కూర్చుని చెమట తుడుచుకుంటున్నారు.

"కలుపు తెగ పట్టేసింది అక్కా. శుభ్రం చేసిపెట్టాం" అన్నాడు బెలార్మినో.

"తవ్వుతుంటే వాసనేం రాలేదా?"

"వచ్చింది. అచ్చం మీ వంటింటి వాసనలా ఉందే అనుకున్నాం."

"అనుకుని?"

"తవ్వాం."

ఆవిడ గిన్నె కింద పెట్టింది. ఇన్నేళ్ళుగా ఈ వేరు నీళ్ళు పుక్కిలించిన ఒక్కడూ ఒక్కసారి పెరటి చివరిదాకా వచ్చి ఆ మొక్క ఎలా ఉంటుందో చూడలేదు. సీసాలో ఉంటే మందు. మట్టిలో ఉంటే కలుపు.

"అది మాన్సారా" అంది. "మీ అందరి చిగుళ్ళ మందూ అదే. మా అమ్మమ్మ పెట్టిన పాదు. మీ నోళ్ళు మీరే తవ్వుకున్నారు."

ఆవిడ గిన్నె పక్కకి జరిపి మళ్ళీ తల తిప్పేసరికి నలుగురు లేచి కుప్ప చుట్టూ చేరారు. సిగ్గుతో కాదు. వేళ్ళు ఏరి జేబుల్లో కుక్కుకుంటున్నారు. బెలార్మినో అయితే టోపీ తీసి నింపుతున్నాడు.

"ఇందాక కలుపు, ఇప్పుడు జేబులోకా?" క్లియోఫాస్ గొంతు గట్టు అవతలి దాకా వినిపించింది. "తియ్యండి బయటికి. ఒక్క పీచు కూడా మీ ఇళ్ళకి పోదు. మళ్ళీ పాతేదాకా ఎవరికీ బువ్వ లేదు."

ఒక్కొక్కరే జేబులు తిరగేశారు. బెలార్మినో టోపీ దులిపాడు. ఆవిడ వరసగా అందరి ముందూ ఆగుతూ, చివరగా సిమెంటు తెచ్చిన ట్రక్కు పక్కన, బస్తాల ముందు నిలబడ్డ ఒనేసిమో దగ్గరికి వచ్చింది.

"నాకిచ్చిన మాటేమైందిరా?"

వాడు నేల చూశాడు. మాట్లాడలేదు.

"నీ జేబులో?"

తల అడ్డంగా ఊపాడు. ఎడమ దవడ ఉబ్బి ఉంది.

"నోరు తెరు."

చిన్నప్పుడు తెరిచినట్టే తెరిచాడు. పచ్చి వేరు ముక్క, ఇంకా మట్టి అంటుకునే ఉంది, వాచిన చిగురుకి ఆనించి పెట్టుకున్నాడు. చూసినవాళ్ళు ఒకరిద్దరు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆవిడకి నవ్వు రాలేదు.

"అది ఉంచుకో. నాలుగు నెలల తర్వాతైనా సరే, డాక్టరుకి మాత్రం చూపించు" అంది. "ఇప్పుడు చెప్పు, కాలువ పెద్దవి నువ్వే కదా. సిమెంటు ఎక్కడ పొయ్యమంటావ్?"

చెప్పాలంటే ముక్క ఉమ్మాలి. వాడు ఉమ్మలేదు. మీటింగులో ఎత్తిన చెయ్యే మళ్ళీ ఎత్తి, బస్తాలు వెనక్కి తీసుకుపొమ్మని డ్రైవరుకి సైగ చేశాడు. తర్వాత పార అందుకుని, అందరికంటే ముందు గండి దగ్గర వంగి గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు.

పాతడం అయ్యేసరికి బీన్స్ చల్లారిపోయాయి. ఆ పూట అవి అలాగే తిన్నారు.